యాభై దాటినవాళ్ళు

మన ఊరు, ఆఫీసు ముందు గది
జనవరి 9

అన్నయ్యా,

ఫోను చేస్తే ఎత్తుతావు, కాదనను. కానీ నీ వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. వాళ్ళ ముందు నువ్వు నాతో మాట్లాడే నాలుగు మాటలూ ఉపన్యాసంలాగే వినిపిస్తాయి. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివేటప్పుడైనా ఒంటరిగా ఉండు.

మిల్లు మూసేస్తారని ఊరంతా గుప్పుమంది. నిన్న కుట్టు మిషన్ మీద కూర్చుని ఉంటే నూలు వడికే షెడ్డు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు, యూనిఫాం పొట్టి చేయించుకోవాలంటూ. ఒక్కరి చేతిలోనూ యూనిఫాం లేదు. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే అనుకుని, "అడగండమ్మా, అడగడానికే కదా వచ్చారు" అన్నాను. పెద్దామె వెనక పార్టీ ఆఫీసు గదిలో ఉన్న నీ ఫొటో కేసి చూసి, "మాస్టారు ఏమంటున్నారు?" అంది.

"ఆలోచిస్తున్నారు" అన్నాను.

"పందొమ్మిదేళ్ళుగా మేం గెలిపిస్తున్నాం, ఆయన ఆలోచిస్తున్నారు" అంది. నవ్వుతూనే అందిలే.

నువ్వు లెక్కల మాస్టారువి. ఉన్నదున్నట్టు చెప్పు. మిల్లు ఉంటుందా, పోతుందా? మీ బావ అడగమనలేదు. ఆయన అసలు ఆ ఊసే ఎత్తడం లేదు, అదే నాకు భయంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిట్టరుగా చేస్తున్న మనిషి, మిషన్ చప్పుడు మారితే నిద్రలో కూడా తెలుసుకునే మనిషి, ఇప్పుడు భోజనం డబ్బా తీసుకుని గడప దాటేటప్పుడు ఒకసారి ఆగి వెళ్తున్నాడు.

నీ చెల్లి

*

రాజధాని, సభ్యుల వసతిగృహం
జనవరి 20

బంగారు చెల్లీ,

నీ ఉత్తరం ఒంటరిగానే చదివాను. మీ వదిన పోయాక ఒంటరిగా ఉండటానికి నాకు వేరే ప్రయత్నం అక్కర్లేదు.

నిజం చెప్పమన్నావు. ప్రభుత్వం చేతిలో ఏమీ లేదు. అప్పిచ్చినవాళ్ళు మూసెయ్యమంటున్నారు. గంట గుర్తు పార్టీ పెట్టిన ఆ గంటాయన మనుషులేమో ఒక్క మనిషిని తీసినా సభ జరగనివ్వమంటున్నారు. నిన్న ఒకడు నిజంగానే జేబులోంచి గంట తీసి సభలో మోగించాడు. అధ్యక్షుడు లాక్కోబోతే ఇద్దరూ పెనుగులాడారు. చూస్తే బడిలో పిల్లలు నయమనిపించింది. మధ్యలో మా పార్టీవాళ్ళం పద్నాలుగు మందిమి, అడకత్తెరలో పోకచెక్కల్లా ఉన్నాం. కానీ మేం ఎటు ఒరిగితే ప్రభుత్వం అటు నిలుస్తుంది. కాబట్టి మా మాటకి ఇంకా విలువుంది.

నేను మొదటినుంచీ చెప్పేదే ఇప్పుడూ చెబుతున్నాను. తెగేదాకా లాగకూడదు. మిల్లు మొత్తం పోకుండా ఏదో ఒక దారి చూస్తున్నాం. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. అడిగినవాళ్ళకి అదే చెప్పు.

బావ నాకు రెండు ముక్కలు రాస్తే బాగుండును. నా మొదటి ఎన్నికలప్పుడు జ్వరంతో ఉండి కూడా ఊరంతా పోస్టర్లు అంటించిన మనిషి. జిగురు బకెట్టు నా నెత్తిన బోర్లించి, "ఇక మీరు జనానికి అంటుకున్నట్టే బావా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నవ్వొస్తుంది.

అన్నయ్య

*

ఊరు
ఫిబ్రవరి 26

అన్నయ్యా,

గంటాయన వచ్చి వెళ్ళాడు. మిల్లు గేటు ముందు మైదానంలో సభ పెట్టాడు. నేను వెళ్ళలేదు కానీ మైకు ఊరంతా వినిపించింది. ఒక్కో హామీ ఇచ్చి ఒక్కోసారి గంట కొట్టడం. అందరికీ ఉద్యోగాలు, ఠంగ్. ధరలు సగం, ఠంగ్. ఆ మోత వింటుంటే నాక్కూడా ఒక క్షణం అన్నీ జరిగిపోయినట్టే అనిపించింది. చివర్లో గొంతు తగ్గించి అన్నాడు: "మీ ఉద్యోగాలు ఎక్కడికీ పోలేదు. నది అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళ దగ్గరున్నాయి." ఆ మాటకి గంట కొట్టలేదు. జనమే అరిచారు.

అవతలి ఒడ్డు వాళ్ళంటే ఎవరు? మిల్లువాళ్ళు కట్టించిన ఇళ్ళ వరసల్లో, ఆ లైన్లలో ఉండే తొంభై మంది. అందులో మీ బావ మిషన్ మీద తోడుగా పనిచేసే పొడుగాయన ఒకడు. పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే మిషన్ మీద ఉన్నారు. ఆయన మన మాట మాట్లాడితే సగం తప్పులే, అయినా సామెతలు మాత్రం మనకంటే ఎక్కువ చెబుతాడు.

ఆ రోజు మీ బావ ఒంట్లో బాగాలేక ఇంట్లోనే పడుకున్నాడు. ఉత్తరం రాయలేదని ఏమీ అనుకోకు.

మన ఆఫీసు గోడ మీద ఎవరో పిల్లి బొమ్మ గీశారు. "గోడ మీది పిల్లీ, ఎటో ఒకవైపు దూకు" అని కింద రాశారు. బొమ్మ మాత్రం బాగా కుదిరింది. సున్నం కొట్టించబోయి నవ్వొచ్చి ఆగిపోయాను. తర్వాత కొట్టించాను.

మిల్లు యూనిఫాం పని ఆగిపోయింది. ఏవో కర్టెన్ల బేరం ఒకటి పెద్దది వచ్చింది. దాంతో గడుస్తోంది. బెంగ పెట్టుకోకు.

చెల్లి

*

వసతిగృహం
మార్చి 18

బంగారు చెల్లీ,

పేపర్లో చూసే ఉంటావు. నా నోటితో కూడా విను.

మిల్లు ఉంటుంది. పదకొండు గంటల చర్చ తర్వాత, మా పద్నాలుగు ఓట్లతో చట్టం గట్టెక్కింది. కానీ ఆరువందల నలభై మందీ ఉండరు. సగం మందే. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నదానికి వయసు గీత పెట్టారు. యాభై దాటినవాళ్ళు ఎంతో కొంత పరిహారం తీసుకుని వెళ్ళాలి. లోపువాళ్ళు ఉంటారు. కమిటీ అలా తేల్చింది.

ఇది రాయడానికి నాలుగు రోజుల నుంచి కలం పట్టుకుంటున్నాను, దింపుతున్నాను. బావకి యాభై ఒకటి వచ్చాయని నాకు తెలుసు.

పార్టీ జిల్లా కార్యాలయంలో కాపలా పని ఒకటి ఉంది. పెద్ద పనేం కాదు, అయినా నీడపట్టున కూర్చుని చేసేదే. బావతో నువ్వే నెమ్మదిగా చెప్పు. నేను చెబితే బాగుండదు. మొత్తం పోవలసిన చోట సగం మిగిలిందని ఏదో ఒకరోజు ఊరు అర్థం చేసుకుంటుంది. ఆ సగంలో ఉన్నవాళ్ళయినా అర్థం చేసుకుంటారు.

అన్నయ్య

*

ఊరు
ఏప్రిల్ 4

గౌరవనీయులైన సభ్యులవారికి,

తమరి ఉత్తరం అందింది.

"కమిటీ అలా తేల్చింది" అని రాశారు. నిన్న యూనియన్ కార్యదర్శి ఆ కమిటీ నివేదిక తెచ్చి నా మిషన్ బల్ల మీద పెట్టాడు. ముప్ఫై ఒకటో పేజీ. వయసు నిబంధన, సూచించినవారు అని ఉన్నచోట ఒకే ఒక్క పేరుంది. మన ఇంటిపేరుతో సహా.

ఎందుకు దాచావు అన్నయ్యా? చేసినందుకు కాదు, దాచినందుకే నా కడుపు మండుతోంది. మీ బావ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అక్షరాలా నా వయసు చూసి రాశాడే" అన్నాడు. కాపలా పని సంగతి చెప్పాను. "నన్ను గెంటిన వాకిలికి నన్నే కాపలా పెడతాడా?" అన్నాడు.

సరే, దాచడం నీ ఒక్కడికే వచ్చా? నేనూ చెబుతాను, విను. గంటాయన సభనాడు మీ బావకి ఒంట్లో బాగానే ఉంది. ముందు వరసలో కూర్చున్నాడు. మొన్న ఆదివారం వేదిక ఎక్కి మాట్లాడాడు కూడా. నీ పేరు ఎత్తలేదు. "మాకు బాగా కావలసినవాళ్ళే మమ్మల్ని కొలిచి కత్తిరించారు" అన్నాడట. జనం చప్పట్లు ఆపలేదట.

నేను కుట్టింది కర్టెన్లు కాదు. జెండాలు. పసుపు గుడ్డ మీద నల్ల గంట, నాలుగు వందలు. ముందు గదిలో కుట్టి, వెనక గదిలో నీ బల్ల మీద మడతపెట్టాను. మరెవరూ పని ఇవ్వలేదు. నీ ఫొటో గోడ వైపు తిప్పి పెట్టుకుని కుట్టాను. సిగ్గేసింది. కానీ ఆపలేదు.

చెల్లెలు

*

వసతిగృహం
ఏప్రిల్ 15

చెల్లికి,

అవును, నేనే రాశాను. దాచినందుకు నా తప్పు ఒప్పుకుంటున్నాను. రాసినందుకు మాత్రం ఒప్పుకోను.

ఆ గదిలో ఏం జరిగిందో నీకు తెలియాలి. అధికారులు మొదట తెచ్చిన కాగితంలో వయసు లేదు. "అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళని ముందు, ఆడవాళ్ళని తర్వాత" అని ఉంది. గంటాయన నోరు మూయించాలంటే అదే మార్గమని మా ప్రభుత్వంవాళ్ళే అన్నారు. నేను లేచి, పుట్టిన చోటుని బట్టీ, పుట్టుకని బట్టీ మనిషి పొట్ట కొట్టే కాగితం మీద సంతకం పెట్టనన్నాను. "అయితే మీరే చెప్పండి, ఎవరిని తీద్దాం?" అన్నారు. అందరికీ సమానంగా వచ్చేది వయసు ఒక్కటే అనిపించింది. పైగా యాభై లోపువాళ్ళకి చదువుకునే పిల్లలుంటారు.

గీత ఎక్కడ గీయాలన్నది మళ్ళీ నా మీదే పెట్టారు. యాభై దగ్గర గీయొచ్చు, యాభై రెండు దగ్గరా గీయొచ్చు. లెక్క రెండింటికీ సరిపోతుంది. యాభై రెండు అని రాయబోయాను చెల్లీ. రాస్తే అది నా చెల్లెలి మొగుడి కోసం గీసిన గీత అవుతుంది. ప్రపంచానికి తెలియకపోయినా నాకు తెలుస్తుంది. అందుకని యాభై అని రాశాను.

ఆ రాత్రి నన్ను చూసి నేనే గర్వపడ్డాను. ఆ సంగతి కూడా దాచకూడదనే రాస్తున్నాను.

జెండాల గురించి ఏమీ అనను. అనాలని మూడు పేజీలు రాసి చింపేశాను.

అన్నయ్య

*

ఊరు
జూన్ 11

అన్నయ్యా,

రెండు నెలలు మాట్లాడలేదు. మొన్న నువ్వు ఎన్నికల ప్రచారానికి వచ్చి, మన వీధిలో ఇల్లిల్లూ తిరిగి, మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయావు. కిటికీలోంచి చూశాను. చెయ్యెత్తి తలుపు కొట్టబోయి దించేశావు. మీ బావ లోపలే ఉన్నాడు, తలుపు వైపే చూస్తూ. ఇద్దరికీ మధ్య అంగుళం మందం చెక్క. తియ్యాల్సింది నేను. నేనూ తియ్యలేదు.

ఎంత చిక్కిపోయావు! కాలర్ వదులైపోయింది. ఒక గుండీ కూడా ఊడింది, చూసుకున్నావా?

ఆఫీసు రోజూ తెరుస్తూనే ఉన్నాను. ఎవరూ రావడం లేదు. కరపత్రాలు ఇస్తే తీసుకుంటారు, పొయ్యి రాజేసుకోడానికి.

మిల్లులో ఒక షెడ్డే నడుస్తోంది. పొడుగాయనకి నలభై నాలుగే కాబట్టి ఉద్యోగం ఉంది. లైన్లలో అదొక పుండు అయిపోయింది. ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాళ్ళు వరండాల్లో కూర్చుని, అవతలి ఒడ్డువాళ్ళు డ్యూటీకి వెళ్ళడం చూస్తుంటారు. చూసే చూపుల్లో చాలా ఉంటుంది. పొడుగాయన ఇప్పుడు వెనక సందులోంచి వెళ్తున్నాడు. "వాడి మీద నాకు కోపం లేదు" అంటాడు మీ బావ. ఎవరూ అడక్కుండానే అంటాడు.

ఒక మంచి కబురు కూడా రాస్తాను. ఆయనకి ఈమధ్య కాస్త హుషారు వచ్చింది. గంట పార్టీవాళ్ళు గెలిచాక ఇంటింటికీ సాయం సామాను ఇస్తారట. మిల్లు లైన్లలో ఏ ఇంట్లో ఎవరున్నారో జాబితా రాసిపెట్టమని ఈయన్ని అడిగారు. మూడు రోజులు కూర్చుని రాశాడు. ఎంత అందమైన చేతిరాతో నీకు తెలుసుగా. అవతలి ఒడ్డువాళ్ళ ఇళ్ళ పక్కన చుక్క పెడుతుంటే, అదెందుకని అడిగాను. "వాళ్ళకి వేరే రోజు ఇస్తారట" అన్నాడు. చేతికి పని దొరికితే మనిషి ముఖం ఎంత మారిపోతుందో! వేణ్ణీళ్ళు పెట్టమని అడిగి స్నానం చేశాడు.

చెల్లి

*

వసతిగృహం
జులై 9

చెల్లీ,

ఓడిపోయాను. నీకు తెలిసిందే. మా పద్నాలుగు మందిలో ఇద్దరు మిగిలారు.

వచ్చే నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నారు. పందొమ్మిదేళ్ళ కాగితాలు తీస్తుంటే దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు. నిన్న బంట్రోతు నన్ను "సార్" అనబోయి "మాస్టారూ" అన్నాడు. నాకది బాగానే అనిపించింది.

పోలింగు కేంద్రాల వారీగా లెక్కలు పంపించారు. మన వీధి బడిలో పెట్టిన కేంద్రంలో నాకు పదకొండు ఓట్లు వచ్చాయి. పదకొండు! అందులో ఒకటి నీదని తెలుసు. మిగతా పది ఎవరివై ఉంటాయా అని వీధి వీధంతా తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ పదిమందికీ నా తరఫున కృతజ్ఞతలు చెప్పు, వాళ్ళెవరో తెలిస్తే.

ఊళ్ళో ఏదో గొడవైందని పేపర్లో నాలుగు లైన్లు చూశాను. మీరు క్షేమమేనా?

అన్నయ్య

*

ఊరు, ప్రభుత్వ ఆసుపత్రి వరండా
జులై 14

అన్నయ్యా,

క్షేమమే అని రాస్తే అబద్ధమవుతుంది. ఇక మన మధ్య అబద్ధాలు వద్దు.

లెక్కింపు అయిన మధ్యాహ్నం ఊరేగింపు బయల్దేరింది. మూడింటికి మిల్లు లైన్లలోకి తిరిగింది. ముందు నడిచేవాళ్ళ చేతుల్లో కాగితాలున్నాయి. మీ బావ వెనకెక్కడో జెండా పట్టుకుని నడుస్తున్నాడు. ఒకడి చేతిలోంచి కాగితం జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది. తీసి చూస్తే తన చేతిరాతే. జిరాక్సులు తీసి పంచారు అన్నయ్యా. చుక్క ఉన్న ఇళ్ళ ముందే ఆగుతున్నారు.

ఆయన జెండా పారేసి, జనాన్ని తోసుకుంటూ ముందుకు పరిగెత్తాడట. అప్పటికే పొడుగాయన్ని బయటికి లాగారు. పొడుగు కదా, అంత గుంపులోనూ ఆయన తల పైకి కనిపించింది. ఈయన్ని చూసి, "ఫిట్టరుగారూ, వీళ్ళకి చెప్పండి, నేనెవరో చెప్పండి" అని అరిచాడు. ఈయన చెబుతూనే ఉన్నాడు, గొంతు పోయేదాకా. ఎవరికి వినబడుతుంది? తలుపుకున్న ఇనప గడియ పీకి, దాంతోనే కొట్టారు. కొట్టినవాళ్ళలో ఏడుగురి పేర్లు ఈయనకి తెలుసు. అందరూ మన ఊరివాళ్ళే. ఇద్దరు నీ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు.

ఆ రోజు నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాం. పొడుగాయన తొమ్మిది రోజులు ఉన్నాడు. ఈ ఉదయం పోయాడు. ఆయన భార్య ఏడవలేదు. నా భర్త దగ్గరికి వచ్చి, "మా ఇల్లు ఎన్నో నంబరని వాళ్ళకి ఎలా తెలిసింది?" అని అడిగింది. ఈయన దాచలేదు, "నేనే రాసిచ్చాను" అన్నాడు. ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ చుక్క ఎందుకని నేను అడిగాను. అడిగి ఊరుకున్నాను. ఆయన పాపంలో నాకూ సగం ఉంది.

ఇంకొకటి. నీకొచ్చిన పదకొండులో నాది లేదు. లోపలికి వెళ్ళాక నీ గుర్తు మీద వేలు పెట్టాను, తీసేశాను. గంట మీద వేశాను. గంటాయన్ని నమ్మి కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు డబ్బా కట్టిన చేతులకి ఆ పొద్దున పని లేక, ఒట్టి గిన్నె కడుగుతూ కూర్చున్నాను. నీ మీద కోపంతో వేశాను. దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టను.

ఈయన పోలీసు స్టేషన్‌కి రెండుసార్లు వెళ్ళాడు, ఏడు పేర్లూ చెబుతానని. రాసుకోలేదు. "ఇంటికెళ్ళి పడుకో పెద్దాయనా, ఇప్పుడు మన ప్రభుత్వమేగా" అన్నారు. వకీళ్ళు ముఖం చాటేస్తున్నారు. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. వస్తావా?

చెల్లి

*

వసతిగృహం
జులై 17

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ఓటు సంగతి ఉన్నచోట కళ్ళు ఆగాయి, ఆగినందుకు సిగ్గుపడ్డాను. అక్కడ ఒక మనిషి పోయాడు.

రేపు పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం, నేనూ ఒకేసారి వస్తామేమో. అయినా రాస్తున్నాను, నోటితో చెప్పలేనని. ఎవరి ఇల్లెక్కడుందని కాగితం మీద పెట్టినవాడు బావ. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలని అంతకుముందే కాగితం మీద పెట్టినవాణ్ణి నేను. ఆయన్ని కూర్చోబెట్టే బల్ల మీద నాకూ చోటుంది.

అన్నయ్య

*

ఊరు
ఆగస్టు 6

అన్నయ్యా,

నువ్వు గది ఖాళీ చెయ్యడానికి వెళ్ళిన నాలుగో రోజే ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు.

నువ్వున్నప్పుడు జరిగింది నీకు తెలుసు. మూడు రోజులు పోలీసు స్టేషన్ బెంచీ మీద మీరిద్దరూ, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. మధ్యాహ్నం నేను భోజనం తెస్తే ఎవరి గిన్నె వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తినడం. మూడు రోజుల్లో ఆయన నీతో అన్నది ఒకే మాట: "నీళ్ళు తాగుతారా మాస్టారూ?" బావా అని పిలిచే నోటితో. నువ్వు తాగావు. నేను చూడనట్టు గిన్నెలు సర్దుకున్నాను.

ఓడిపోయినా మాజీ సభ్యుడు గుమ్మంలో కూర్చుంటే వాళ్ళకి ఇబ్బందే. ఆఖరికి రాసుకున్నారు. ఏడు పేర్లూ, జాబితా సంగతీ, అన్నీ. ఆయన ప్రతి పేజీ చదివి సంతకం పెట్టాడు.

నిన్న పొద్దున పోలీసులు వచ్చారు. విచారణకి అన్నారు. బనీను మీదున్నాడు, చొక్కా వేసుకోనిచ్చారు. సాయంత్రం యూనియన్ కార్యదర్శి వచ్చి చెప్పాడు. ఏడుగురిలో ఎవరినీ పిలవలేదట. "సాక్ష్యం చాలదు" అట. జాబితా రాసిచ్చి గొడవకి పురికొల్పాడని మీ బావ మీద మాత్రం కేసు పెట్టారు. దానికి సాక్ష్యం ఆయన సంతకమే. అంతమంది నడిచిన ఆ వీధి మొత్తానికి నిందితుడు ఒక్కడే తేలాడు, తనంతట తాను వెళ్ళి చెప్పినవాడు.

మిల్లు గేటుకి నిన్ననే తాళం పడింది. ఆ ఒక్క షెడ్డు కూడా పోయింది. గంటాయన వచ్చి, గేటు ముందు నిలబడి ఫొటో దిగి వెళ్ళాడు. మూయించింది నువ్వేనని చెప్పాడు. జనం నమ్మారు.

ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. వట్టి కాళ్ళతో వెళ్ళాడని ఇప్పుడే చూశాను.

చెల్లి

*

వసతిగృహం
ఆగస్టు 12

బంగారు చెల్లీ,

వచ్చేవారం శుక్రవారం వస్తున్నాను. రెండు పెట్టెలు, ఒక పరుపు చుట్ట. వెనక గదిలో ఉంటాను, నీకు ఇబ్బంది లేకపోతే. పార్టీ ఆ గదికి అద్దె కట్టడం మానేసింది. ఇకనుంచి అది ఆఫీసు కాదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గర దిగి అవతలి ఒడ్డుకి వెళ్ళాను. పొడుగాయన భార్య వాళ్ళ అన్న ఇంట్లో ఉంటోంది. నేనెవరో చెప్పాను. మీవాళ్ళని తీసెయ్యమన్న కాగితాన్ని ఆపింది నేనేనని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ నుంచి ఒక మంచి మాట కోసమేనేమో.

ఆవిడ పిల్లకి జడ వేస్తోంది. వెయ్యడం ఆపలేదు. "మీ పెద్దవాళ్ళందరినీ ఇంటికి పంపి మమ్మల్ని ఉంచమని మేం అడిగామా? అందరినీ ఒకేసారి పంపేస్తే అందరం కలిసి ఏడ్చేవాళ్ళం. మమ్మల్ని ఉంచి, మా ఇళ్ళ ముందు వాళ్ళని ఖాళీగా కూర్చోబెట్టారు" అంది.

అధికారుల కాగితం ఒప్పుకుని ఉండాల్సిందా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. కానీ నా లెక్క సరిపోయిందని ఆ రాత్రి గర్వపడి నిద్రపోయానే, ఆ నిద్రని మాత్రం క్షమించలేను. గీత గీశాక, గీతకి అటువైపు పడ్డవాళ్ళ వీధిలోకి వెళ్ళి ఒక్క సాయంత్రం కూర్చోలేదు. కూర్చుంటే తిట్టేవాళ్ళు. కొట్టేవాళ్ళేమో. వాళ్ళ కోపం నా మీద పడేది, పొడుగాయన మీద పడేది కాదు.

ఆవిడ సాక్ష్యం ఇవ్వొచ్చు. బావ కోసం కాదు, ఆ ఏడుగురి మీద. మాటిచ్చిందని కాదు, "చూస్తాను" అంది.

జైలుకి వారానికి ఒక్కరినే పంపుతారని విన్నాను. నువ్వే వెళ్ళు. నేను గేటు దగ్గర ఉంటాను.

అన్నయ్య

*

ఊరు
ఆగస్టు 17

అన్నయ్యా,

నువ్వు బయల్దేరేలోపు ఇది అందాలని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న ఆయన్ని చూసి వచ్చాను. గడ్డం పెరిగింది. చెప్పులు ఇచ్చాను, వేసుకున్నాడు. కమ్మీలకి అటూ ఇటూ నిలబడి ఏం మాట్లాడుకుంటాం? కూర ఎలా ఉంది, దోమలున్నాయా, అంతే. అవతలి ఒడ్డుకి నువ్వు వెళ్ళిన సంగతి చెప్పాను. ఆవిడ అన్నదంతా చెప్పాను, ఒక్క మాట కూడా తగ్గించలేదు.

గంట కొట్టారు, టైమైపోయిందని. ఆ మోతకి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నేను లేచాను. అప్పుడన్నాడు:

"వచ్చేవారం నువ్వు రావద్దు. బావని పంపు."

"ఏమని చెప్పమంటారు?" అన్నాను.

"ఏమీ చెప్పకు. ఆయన్ని అడగాల్సినవి నా దగ్గర ఉన్నాయి. ఆయన దగ్గరా ఉంటాయిగా. ఒకరినొకరం అడుగుతాం."

బయటికొచ్చి కిటికీ దగ్గర నీ పేరు రాయించాను. "ఏమవుతారు?" అని అడిగాడు గుమాస్తా. బావ అని చెప్పాను, రాసుకున్నాడు.

శనివారం పదింటికి. ముందే వెళ్ళు, వరస పెద్దగా ఉంటుంది. అరగంటే ఇస్తారు.

నీ చెల్లి